1600 మీటర్ల నుంచి షాట్‌పుట్ దాకా: పోలీస్ ఈవెంట్స్‌కు 16 వారాల సాధన

ప్రిలిమ్స్ ఫలితం చూసుకున్నాకే షూ కొనుక్కునేవాళ్లు చాలామంది. అక్కడి నుంచి ఈవెంట్స్‌కు, అంటే దేహదారుఢ్య పరీక్షలకు, ఎంత గడువు ఉంటుందో ఎవరి చేతిలోనూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2023 జనవరి 22న ప్రిలిమ్స్ జరిగితే, దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు 30న గానీ మొదలు కాలేదు. ఆ మధ్యలో గ్రౌండ్ వదిలేసినవాళ్లంతా మళ్లీ మొదటికొచ్చారు. కాబట్టి తేదీ కోసం చూడకండి. ఈ వారమే మొదలుపెట్టండి, కానీ నెమ్మదిగా మొదలుపెట్టండి.

నెమ్మదిగా అన్న మాట మీద ఇంత పట్టు ఎందుకంటే, రోజూ స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రాణం పెట్టి 1600 మీటర్లు పరిగెత్తి, నెల తిరక్కుండానే ముంగాలి (మోకాలి కింద ముందువైపు ఎముక) నొప్పితో కూలబడే పిల్లల్ని ఏ ఊరి గ్రౌండ్‌లోనైనా చూడొచ్చు. వాళ్లకు కష్టపడే గుణం లేక కాదు, ఏ రోజు ఎంత కష్టపడాలో చెప్పేవాళ్లు లేక. ఈ మార్గదర్శి అందుకే.

ముందు మీ అంకెలు రాసిపెట్టుకోండి

తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, లాంగ్‌జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. మూడింట్లోనూ నెగ్గాలి.

ఆంధ్రప్రదేశ్ 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో 1600 మీటర్లకు పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు. 100 మీటర్లకు 15 సెకన్లు, 18 సెకన్లు. లాంగ్‌జంప్ 3.80 మీటర్లు, 2.75 మీటర్లు. సివిల్ పోస్టులకు 1600 మీటర్లతో పాటు మిగతా రెండింటిలో ఏదో ఒకటి నెగ్గితే చాలు. ఏపీఎస్పీ (ఏపీ స్పెషల్ పోలీస్ బెటాలియన్ల) పోస్టులకు మూడింటికీ మార్కులుంటాయి, అక్కడ నెగ్గడంతో సరిపోదు.

కొలతల్లో జనరల్ అభ్యర్థులకు రెండు రాష్ట్రాల్లోనూ పురుషులకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు, గాలి పూర్తిగా పీల్చినప్పుడు 86.3 సెంటీమీటర్ల ఛాతీ, అందులో కనీసం 5 సెంటీమీటర్ల విస్తరణ అడుగుతున్నారు. మహిళలకు ఎత్తు 152.5 సెంటీమీటర్లు. గిరిజన అభ్యర్థులకు కొలతల్లో, మాజీ సైనికులకు ఈవెంట్స్‌లో సడలింపులు ఉంటాయి. కొత్త నోటిఫికేషన్ వచ్చిన రోజే ఈ అంకెలన్నీ దాంతో మరోసారి సరిచూసుకోండి. పాత అంకెలతో సాధన చేసి కొత్త పరీక్షకు వెళ్లడం కంటే అన్యాయం మీకు మీరు చేసుకునేది ఇంకోటి ఉండదు.

ఎత్తు విషయంలో ఒక మాట సూటిగా చెప్పాలి. పద్దెనిమిది, ఇరవై ఏళ్లు దాటాక ఎముకల చివర్లలో పెరుగుదల ఆగిపోతుంది. పొడుగు పెంచుతామనే పొడులకు, మాత్రలకు డబ్బు పోయకండి. చేతిలో ఉన్నది ఒకటే: వెన్నుపూసల మధ్య డిస్కులు రోజంతా నిలబడే కొద్దీ కుదించుకుంటాయి, పడుకుంటే సర్దుకుంటాయి. అందువల్ల మనిషి ఉదయం కంటే సాయంత్రం సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాడు. బొటాబొటిగా ఉన్నవాళ్లు ముందు రాత్రి కంటినిండా పడుకోవాలి, క్యూలో ఉన్నంతసేపూ బరువు బ్యాగు భుజాన వేసుకుని నిలబడకూడదు. ఇంట్లో గోడకు ఆనుకుని, మడమలు, పిరుదులు, భుజాలు తగిలేలా, చూపు నేరుగా ముందుకు పెట్టి నిలబడటం అలవాటు చేసుకోండి. గడ్డం పైకెత్తితే ఎత్తు పెరగదు, తగ్గుతుంది.

మొదటి వారానికి ముందు: డాక్టరు, షూ, నేల

పరుగులో ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెజబ్బుతో పోయినా, డాక్టరుకు చూపించుకుని, అవసరమైతే ఈసీజీ తీయించుకున్నాకే గ్రౌండ్‌లో అడుగుపెట్టండి. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పరీక్షల్లో 10 కిలోమీటర్ల పరుగు పెడితే పలువురు అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. మన దూరం దానికంటే చాలా తక్కువే, అయినా ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు.

ఆడపిల్లలు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. రక్తం తక్కువగా ఉంటే ఎంత సాధన చేసినా ఒక దశలో ఎదుగుదల ఆగిపోతుంది. చాలామంది దాన్ని తమ చేతగానితనం అనుకుని కుంగిపోతారు. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు వాడండి. భోజనం కాగానే టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, గంటైనా ఆగండి. అన్నంలో నిమ్మకాయ పిండుకోవడం, జామకాయ తినడం మంచిది.

షూ ఖరీదైనది కానక్కర్లేదు. వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ, మడమ దగ్గర బిగువు, కింద మెత్తన ఉంటే చాలు. సిమెంటు రోడ్డు మీద రోజూ పరిగెత్తకండి. స్కూలు గ్రౌండు, చెరువుగట్టు, పొలాల మధ్య మట్టిబాట ఏదైనా మేలు. 400 మీటర్ల ట్రాక్ లేకపోతే టేపుతో 100 మీటర్లు కొలిచి రెండు రాళ్లు పాతుకోండి. ఫోన్ యాప్ చూపే దూరాన్ని నమ్ముకుని టైమ్ లెక్కపెట్టుకోవద్దు, చిన్న మలుపుల్లో అది తప్పుతుంది.

1 నుంచి 4వ వారం: మాట్లాడగలిగే పరుగు

వారానికి నాలుగు రోజులు. మొదటి వారం రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, ఇలా అరగంట. వారం వారం నడకను తగ్గిస్తూ పోతే నాలుగో వారానికి 30, 35 నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలగాలి. వేగానికి గుర్తు ఒకటే: పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రొప్పుతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. ఈ దశలో మిమ్మల్ని దాటుకుని పోయేవాళ్లను పోనివ్వండి.

ఇంత నెమ్మది పరుగు టైమింగ్‌ను ఎలా తగ్గిస్తుందని అడుగుతారు. ఏడెనిమిది నిమిషాల పరుగులో ఎక్కువ భాగం శక్తి ఆక్సిజన్‌తోనే వస్తుంది. నెమ్మది పరుగుతో గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కాళ్ల ఎముకలూ స్నాయువులూ గట్టిపడతాయి. ఊపిరి రెండు మూడు వారాల్లోనే మెరుగవుతుంది గానీ ఎముకలు, స్నాయువులకు నెలలు పడుతుంది. ఊపిరి ఉంది కదా అని వేగం పెంచితే దెబ్బతినేది కాలే. వారం మొత్తం దూరాన్ని ఒక్కసారిగా పెంచకుండా, కిందటి వారం మీద పదో వంతు చొప్పున కలుపుకోండి.

పరుగు లేని రోజుల్లో రెండు రోజులు ఒంటి బలానికి. గుంజీళ్లు, ఒక్కో కాలు ముందుకు వేసి కిందికి వంగడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, దండీలు, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా ఆపి ఉంచడం). జిమ్ అక్కర్లేదు. మడమలు ఎత్తి దించడం చాలామంది వదిలేస్తారు, ముంగాలి నొప్పి రాకుండా కాపాడేవాటిలో అదొకటి.

5 నుంచి 9వ వారం: వేగాన్ని ముక్కలుగా నేర్చుకోవడం

ఇక్కడ ల్యాప్ లెక్క తెలియాలి. 7 నిమిషాల 15 సెకన్లంటే 400 మీటర్ల ల్యాప్‌కు 1 నిమిషం 48 సెకన్లు. 8 నిమిషాలంటే ల్యాప్‌కు 2 నిమిషాలు. తెలంగాణ మహిళల 800 మీటర్లకు ల్యాప్ 2 నిమిషాల 40 సెకన్లు, ఆంధ్ర మహిళల 1600 మీటర్లకు 2 నిమిషాల 37 సెకన్లు. దూరం రెట్టింపైనా వేగం దాదాపు ఒకటే.

పరీక్ష అంకెను మీ లక్ష్యంగా పెట్టుకోకండి. జనంలో తోపులాట, తెలియని ట్రాక్, నిద్ర చాలని రాత్రి, ఇవన్నీ కలిసి పది, ఇరవై సెకన్లు తినేస్తాయి. 7:15 కావాలంటే సాధనలో 6:50 రావాలి, ల్యాప్‌కు 1 నిమిషం 42 సెకన్లు. 8 నిమిషాలవాళ్లకు 7:30. మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల్లో, 1600 మీటర్లు 10 నిమిషాల్లో.

వారానికి ఒక రోజు ఇంటర్వెల్స్: మీ లక్ష్యం ల్యాప్ టైమ్‌లో 400 మీటర్లు, తర్వాత రెండు నిమిషాలు నడక, ఇలా ఐదారు సార్లు. మొదటిదీ చివరిదీ ఒకే టైమ్‌లో రావాలి. మొదటిది 1:30, చివరిది 2:00 వచ్చిందంటే ఆ రోజు సాధన గాడి తప్పినట్టు. ఇంకో రోజు 15, 20 నిమిషాలు కాస్త గట్టిగా, రెండు మూడు మాటలకు మించి మాట్లాడలేనంత వేగంతో. మిగతా రెండు రోజులు పాత నెమ్మది పరుగే. వేగం రోజులు రెండూ పక్కపక్కన పెట్టకండి. మహిళల 800 మీటర్లకైతే 200 మీటర్ల ముక్కలు, ఎనిమిది సార్లు, 1 నిమిషం 15 సెకన్ల చొప్పున.

100 మీటర్లు ఉన్న ఆంధ్ర అభ్యర్థులు వారంలో ఒక రోజు బాగా వార్మప్ అయ్యాక 60 మీటర్లు ఐదారు సార్లు పూర్తి వేగంతో పరిగెత్తాలి, మధ్యలో మూడు నిమిషాల విశ్రాంతి. స్ప్రింట్‌లో విశ్రాంతి తగ్గిస్తే వేగం సాధన కాస్తా అలసట సాధన అవుతుంది. తొడ వెనక కండరం పట్టేసేది చల్లటి ఒంటితో స్ప్రింట్ కొట్టినప్పుడే, అందుకని పది నిమిషాల జాగింగ్ లేకుండా మొదలుపెట్టకండి.

లాంగ్‌జంప్: దూకే బలం కన్నా అడుగుల లెక్క

4 మీటర్లు దూకే బలం ఉన్న కుర్రాళ్లు కూడా మూడు ఫౌల్స్‌తో ఇంటికి పోతారు. ఎందుకంటే రన్నప్ కొలుచుకోరు. పద్ధతి ఇది. టేక్‌ఆఫ్ బోర్డు (దూకేముందు ఆఖరి పాదం మోపే పలక) మీద మడమ పెట్టి, ఇసుక గుంతకు వీపు తిప్పి, వచ్చిన దారిలోనే వెనక్కి పరిగెత్తండి. 12 నుంచి 14వ అడుగు పడిన చోట స్నేహితుడితో గుర్తు పెట్టించండి. అక్కడి నుంచి బోర్డు వైపు పరిగెత్తి పాదం ఎక్కడ పడిందో చూడండి. బోర్డు దాటి పడితే గుర్తును అంత వెనక్కి, వెనక పడితే అంత ముందుకు జరపండి. ఐదారు సార్లు ఒకే చోట పడ్డాక ఆ దూరాన్ని మీ పాదాలతో కొలిచి కాగితం మీద రాసుకోండి. పరీక్ష రోజు అదే పాదాలతో కొలుచుకుంటారు.

బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లు. పాదం ముందు అంచు దాటితే ఫౌల్, అంచుకు పది సెంటీమీటర్ల వెనక నుంచి దూకితే పోయేది ఆ పది సెంటీమీటర్లే. మొదటి ప్రయత్నం కాస్త వెనక నుంచే దూకండి. నెగ్గడమే కావాల్సింది, రికార్డు కాదు.

పరుగులో చివరి అడుగు కొంచెం పొట్టిగా, పాదం మొత్తం బోర్డుకు తగిలేలా పడాలి. చూపు ఇసుక మీద కాదు, ఎదురుగా దూరంగా ఉండాలి. కిందికి చూస్తే ఒళ్లు ముందుకు వాలి జంప్ చప్పబడుతుంది. గాల్లో మోకాళ్లు పైకి తెచ్చి, దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాపి, మడమలు ఇసుకకు తగలగానే మోకాళ్లు వంచి ముందుకు పడాలి. వెనక్కి పడి చెయ్యి ఆన్చితే కొలత ఆ చెయ్యి గుర్తు దగ్గరి నుంచే తీస్తారు. అలా అర మీటరు పోగొట్టుకోవడం చాలా బాధ.

ఐదో వారం నుంచి వారానికి రెండు సార్లు, ఒక్కోసారి ఎనిమిది, పది జంపులకు మించకుండా. నిలబడి దూకడం, ఒంటికాలి గెంతులు వీటికి తోడు. గట్టి నేల మీద దూకి మోకాళ్లు పాడుచేసుకోకండి. ఇసుక గుంత లేకపోతే దున్నిన మడి వెతుక్కోండి.

షాట్‌పుట్: చేత్తో కాదు, కాలితో

7.26 కిలోల గుండును బంతి విసిరినట్టు విసిరితే మొదట పోయేది మోచెయ్యి, తర్వాత భుజం. ఇది విసరడం కాదు, నెట్టడం. గుండును అరచేతిలో కాకుండా వేళ్ల మొదళ్ల మీద ఆనించి, దవడ కింద మెడకు నొక్కి పట్టుకోండి. మోచెయ్యి పక్కకు ఎత్తి ఉండాలి. కుడిచేతివాళ్లు కుడికాలి మీద బరువు వేసి, మోకాలు వంచి, ఒంటిని వెనక్కి తిప్పి నిలబడాలి. అక్కడి నుంచి వరస ముఖ్యం: ముందు కుడికాలు నేలను తన్నాలి, తర్వాత నడుము తిరగాలి, తర్వాత ఛాతీ, ఆఖరున చెయ్యి. చెయ్యి ముందు కదిలితే గుండు 5 మీటర్ల దగ్గరే దిగుతుంది.

వదిలే కోణం 45 డిగ్రీలకు కొంచెం తక్కువ ఉంటే మంచిది, ఎందుకంటే గుండు నేల నుంచి కాదు, భుజం పైనుంచి బయల్దేరుతుంది. తల ఎత్తు కన్నా కాస్త పైన కర్రకు తాడు కట్టి, రెండు మీటర్ల ముందు పెట్టుకుని, దాని మీదుగా నెట్టడం సాధన చేయండి. మొదటి రెండు వారాలు తేలికైన గుండుతో వరస నేర్చుకుని ఆ తర్వాతే అసలు బరువు పట్టండి. గుండు దొరక్కపోతే ఇసుక నింపిన సంచితో మెడ దగ్గరి నుంచి నెట్టే కదలిక అలవాటు చేసుకోవచ్చు. వృత్తం వ్యాసం 2.135 మీటర్లు. నెట్టాక ఒంటి ఊపుకు ముందుకు దాటితే ఫౌల్, ముందు భాగం నుంచి బయటికి నడిచినా ఫౌల్. గుండు నేల తాకేదాకా ఆగి, వెనక సగం నుంచే బయటికి రండి. దీన్ని సాధనలో ప్రతిసారీ చేయకపోతే పరీక్ష రోజు గుర్తుండదు.

10 నుంచి 14వ వారం: అలసిన ఒంటితో

పరుగు నెగ్గినవాళ్లే తర్వాతి ఈవెంట్స్‌కు వెళ్తారు, అదీ అదే రోజు. అంటే మీరు దూకేది తాజా కాళ్లతో కాదు. కానీ సాధనలో అందరూ పరుగు ఒక రోజు, జంప్ ఇంకో రోజు చేస్తారు. పదో వారం నుంచి వారానికి ఒక రోజు అసలు పరీక్షలాగే నడపండి: పరుగు, అరగంట నడక, కూర్చోవడం, తర్వాత మూడే మూడు జంపులు, మూడే మూడు షాట్లు. నాలుగోది లేదు. మూడు ప్రయత్నాల్లో తేల్చే అలవాటు ఒంటికీ మనసుకూ రావాలి.

పూర్తి దూరం టైమ్ రెండు వారాలకు ఒకసారి చూసుకుంటే చాలు. మిగతా వారాల్లో 800 మీటర్లు మూడు సార్లు లక్ష్యం వేగంతో, మధ్యలో మూడు నాలుగు నిమిషాల విశ్రాంతి.

1600 మీటర్లు పోయేది మూడో ల్యాప్‌లో. విజిల్ పడగానే గుంపంతా ఎగబడి పరిగెడుతుంది, వాళ్లతో కలిసి మొదటి ల్యాప్ 1:20లో కొట్టేస్తారు, రెండో దాంట్లో ఊపిరి అందదు, మూడో దాంట్లో నడుస్తారు. మొదటి 400 మీటర్లు మీ లక్ష్యం టైమ్ కన్నా ఒకటి రెండు సెకన్లు మాత్రమే వేగంగా ఉండాలి. రెండోది, మూడోది అదే పట్టు మీద. చివరి 300 మీటర్లలో దాచుకున్నదంతా ఖర్చుపెట్టండి. లోపలి లైన్‌లో ఉండండి, మలుపులో బయటి నుంచి దాటితే ఊరికే మీటర్లు పెరుగుతాయి.

తిండి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అన్నం, రొట్టె తగ్గించకండి, పరుగుకు ఇంధనం అదే. ప్రతి పూటా పప్పో, గుడ్డో, శనగలో, చేపో, పెరుగో ఉండాలి. సాధన అయిన గంటలోపు ఏదో ఒకటి తినండి. వేసవిలో నీళ్లతో పాటు ఉప్పు కలిపిన మజ్జిగ. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలనట్టే. స్టెరాయిడ్లు, ఇంజక్షన్లు, పరుగుకు ముందు నొప్పి మాత్రలు, ఎనర్జీ డ్రింకులు ఎవరిచ్చినా వద్దు. నీళ్లు తక్కువైన ఒంట్లో నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి.

నొప్పి వస్తే: పరుగు మొదలయ్యాక తగ్గిపోయే పట్టు పర్వాలేదు. పరిగెత్తే కొద్దీ పెరిగే నొప్పి, ఎముక మీద వేలితో ఒక్క చోట నొక్కితే కలుక్కుమనే నొప్పి ఆగమని అర్థం. వారం ఆగితే పోయేది ఒక వారం. ఆగకపోతే ఎముకలో చీలిక వచ్చి రెండు నెలలు పోతాయి. జ్వరంతో పరిగెత్తడం ప్రమాదకరం, తగ్గాక కూడా నడకతోనే మొదలుపెట్టండి.

ఛాతీ విస్తరణ కోసం రోజూ పది నిమిషాలు. టేపు చుట్టుకుని, పూర్తిగా గాలి వదిలి, పక్కటెముకలు పక్కలకు విచ్చుకునేలా నెమ్మదిగా పీల్చి మూడు సెకన్లు ఆపండి. పొట్ట ఉబ్బించి పీలిస్తే టేపు కదలదు, అది గమనించుకోవాలి. దండీలు, పుల్లప్స్ దీనికి సాయం.

15, 16వ వారాలు: తగ్గించే ధైర్యం

చివరి పది రోజుల్లో కొత్త బలం ఏదీ రాదు, పాత అలసట మాత్రం పోతుంది. దూరాన్ని సగానికి తగ్గించండి. వేగం మాత్రం పూర్తిగా మానకుండా, 400 మీటర్లు రెండు, 200 మీటర్లు నాలుగు లక్ష్యం వేగంతో ఉంచుకోండి. షాట్, జంప్ చివరిసారి మూడు రోజుల ముందు. చేతిలో సమయం మిగిలింది కదా అని ఆఖరి వారంలో ‘ఒక్కసారి చూసుకుందాం’ అంటూ పూర్తి టైమ్ ట్రయల్ పెట్టకండి. కొత్త షూ కూడా ఈ రెండు వారాల్లో వద్దు. నెలసరి పరీక్ష తేదీతో కలుస్తుందనుకునే అమ్మాయిలు మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకోకుండా, నెల ముందే డాక్టరుతో మాట్లాడండి.

పరీక్ష రోజు

తెల్లవారుజామునే రమ్మంటారు. పడుకునే ముందే అడ్మిట్ కార్డు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, జిరాక్సులు, ఫొటోలు, షూ, రెండో జత సాక్సులు బ్యాగులో సర్దేయండి. దూరం ఊరైతే ముందు రోజే చేరుకోవడం మంచిది, రాత్రంతా బస్సులో కూర్చున్న కాళ్లతో టైమ్ రాదు. పరుగుకు రెండు, మూడు గంటల ముందు ఇడ్లీ గానీ బ్రెడ్డు గానీ తేలిగ్గా, ఆ తర్వాత అరటిపండు. ఎప్పుడూ తిననిది ఆ రోజు తినకండి. నీళ్లు గుక్కగుక్కగా.

మీ బ్యాచ్ పిలిచే దాకా గంటలు పట్టొచ్చు. కూర్చుని ఉండండి, పిలవబోతున్నారని తెలియగానే పది నిమిషాలు వార్మప్: జాగింగ్, కాళ్లు ఊపడం, నాలుగు చిన్న స్ప్రింట్లు. టైమ్ లెక్కించే చిప్ ఇస్తే వాళ్లు చెప్పినట్టే కట్టుకుని, గీత పూర్తిగా దాటే దాకా వేగం తగ్గించకండి. పరుగు అవ్వగానే కూలబడకుండా ఐదు నిమిషాలు నడవండి, రెండు గుక్కల నీళ్లు తాగి నీడకు చేరండి. ఛాతీలో నొప్పి గానీ కళ్లు చీకట్లు కమ్మడం గానీ అనిపిస్తే పరుగు మధ్యలో అయినా సరే ఆగి, అక్కడున్న వైద్య సిబ్బందిని పిలవండి.

ఏ ఈవెంట్‌లోనైనా కొలత, టైమ్ వాళ్లు రాసుకునేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. ఎత్తులో గానీ దూరంలో గానీ తేడా ఉందనిపిస్తే గ్రౌండ్ దాటి బయటికి రాకముందే, అక్కడి అధికారికి మర్యాదగా చెప్పి, మళ్లీ కొలవమని రాతపూర్వకంగా అడగండి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ పోలీసు నియామక బోర్డు, ఎత్తులో 1 సెంటీమీటరు లేదా అంతకన్నా తక్కువ తేడాతో పోయినవాళ్లకు మళ్లీ కొలతలు తీసింది. అడ్మిట్ కార్డు, ఆ రోజు ఇచ్చిన ప్రతి కాగితం ఫొటో తీసి భద్రపరచుకోండి.